దోసిలి పట్టించని సాయం

పోయిన చలికాలం ఒక ఆదివారం, విహారంలో వందన ముగిశాక, మా పిల్లలు 12 మంది దుప్పట్ల మూటలు ఎత్తుకుని ఖుర్సీపార్ వైపు బయలుదేరారు. అందరూ తొమ్మిదో తరగతి నుంచి పదకొండో తరగతి లోపువాళ్లే. దుప్పట్లు కొన్న డబ్బు వాళ్లు పోగుచేసుకున్నదే. బస్తీలో ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్లు ఎవరెవరో ముందు వారమే తిరిగి రాసుకున్నారు. పెద్దవాళ్లం మేం వెనక నడిచాం. నడుస్తుంటే లోపల కాస్త గర్వంగా కూడా ఉంది.

నాలుగో ఇంట్లో ఒక ముసలమ్మ. పెళ్లయిన కొత్తలో శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి వచ్చిన మనిషి. భర్త 30 ఏళ్లు కాంట్రాక్టరు కింద, ఇక్కడి మాటలో ఠేకాలో, పనిచేసి పోయాడు. ఒక కుర్రవాడు దుప్పటి మడత విప్పి ఆమె భుజాల మీద కప్పాడు. ఇంకొకడు ఫోన్ ఎత్తాడు. ముసలమ్మ చప్పున కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"దుప్పటి ఉంచుకుంతాన్రా నాయినా, ఫొటో వద్దు. మా ఊరోలు సూస్తే ఏటనుకుంతారు?" అంది.

"ఒక్కటే అమ్మమ్మా, గ్రూపులో పెట్టాలి" అన్నాడు కుర్రవాడు.

ఆమె ఇంకేమీ అనలేదు. దుప్పటి తీసి, జాగ్రత్తగా మడతపెట్టి, అతని చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

తిరుగుదారిలో ఆ కుర్రవాడు మమ్మల్ని అడిగాడు: "మంచే కదా అంకుల్ చేశాం? ఆవిడ ఎందుకలా చేసింది?"

అప్పుడు మా దగ్గర జవాబు లేదు. ఫొటో తీయకుండా ఉండాల్సింది అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ తప్పు ఫోన్‌తోనే మొదలైందా, ఫోన్‌తోనే అయిపోయిందా అన్న అనుమానం మమ్మల్ని వదల్లేదు. మంచి మనసుతో చేసిన సాయం కూడా ఎదుటి మనిషిని కించపరచగలదా? కించపరిస్తే దాన్ని సాయం అనవచ్చా? మన పిల్లల్ని సేవకు పంపే ముందు మనం వాళ్లకు ఏం నేర్పాలి? ఆ రోజు నుంచి విహారంలో కూర్చుని మేం మాట్లాడుకుంటున్న సంగతులే ఇక్కడ రాస్తున్నాం.

ముందు మన సంగతి చెప్పుకోవాలి. సోవియట్ దేశంతో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఊరు భిలాయి. ఆ రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి రాయపూర్ రైలెక్కి మన తాతలు ఇక్కడికి వచ్చారు. మట్టి తవ్వారు, ఇనుము మోశారు, కొలిమి వేడికి ఎదురు నిలిచారు. పడమటికి పోయే రైలు మార్గంలో కొన్ని గంటల దూరాన నాగపూర్. 1956 అక్టోబరు 14న బాబాసాహెబ్ అక్కడ లక్షలాది మందితో బుద్ధుని శరణు వేడారు. విదర్భ నుంచి పనికి వచ్చిన మరాఠీ ఉపాసకులు ఆ వెలుగును వెంట తెచ్చుకున్నారు. మా తెలుగు కుటుంబాలు వందన, పంచశీల నేర్చుకున్నది వాళ్ల పక్కన కూర్చునే.

ఇప్పుడు మూడో తరం. మనలో కొందరికి పర్మనెంటు ఉద్యోగాలు వచ్చాయి. సెక్టార్లలో క్వార్టర్లు, చెట్ల నీడ రోడ్లు, పిల్లలకు బడి, ఆసుపత్రి దొరికాయి. ఇంకొందరు ఠేకాలోనే ఉండిపోయారు. వాళ్లకు బస్తీ దక్కింది. ఒకే పల్లె నుంచి, ఒకే రైల్లో వచ్చిన అన్నదమ్ముల్లో ఒకరి మనవడు కోచింగ్‌కు వెళ్తున్నాడు, ఇంకొకరి మనవడు పదో తరగతితో ఆగి వెల్డింగ్ షాపులో ఉన్నాడు. కర్మాగారంలో పర్మనెంటు కార్మికులు ఏటేటా తగ్గుతున్నారు, ఠేకా కూలీలు పెరుగుతున్నారు. కాబట్టి ఈ దూరం తగ్గేది కాదు. ఆ ఆదివారం మా పిల్లలు దాటింది రెండు మూడు కిలోమీటర్లే కావచ్చు, కానీ అది ఈ దూరమే.

మనలాంటివాళ్లకు ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. తరతరాలుగా మనం పుచ్చుకునే చేతుల వాళ్లం. మన తాతలు ఊరి బావి గట్టు కింద నిలబడి దోసిలి పట్టేవారు. గట్టు మీది వాళ్లు చేద ఎత్తి పైనుంచి నీళ్లు పోసేవారు. అలా పోసినవాళ్లలో దయ గలవాళ్లు లేకపోలేదు. ఎండలో నిలబడ్డ బాలింతను చూసి జాలిపడి ముందు ఆమెకే పోసినవాళ్లూ ఉన్నారు. ఆ పూటకు దాహం తీరింది. కానీ చేద ఎవరి చేతిలో ఉండాలన్నది మాత్రం మారలేదు. ఇవాళ మొదటిసారి మన పిల్లల చేతికి చేద వచ్చింది. వాళ్లు కూడా గట్టు మీదే నిలబడి పోయడం నేర్చుకుంటే, మనం అరవై ఏళ్లుగా పాడుకుంటున్న త్రిశరణాలకు అర్థం ఏమిటి?

బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు దగ్గరకు వెళ్లింది నీళ్లు ఇంకాస్త దయగా పోయమని అడగడానికి కాదు. ఆయన చెరువులోకి దిగి తన చేత్తో నీళ్లు తీసుకుని తాగారు. వెంట వచ్చిన వేలమంది తమ చేతులతో తాగారు. ఐదేళ్ల తర్వాత, 1932లో, అస్పృశ్యతా నివారణకని ఒక సంస్థ ఏర్పడింది. తర్వాత హరిజన సేవక సంఘం అన్న పేరు తెచ్చుకున్నది అదే. ఆ ఏడాది నవంబరులో ఓడ ప్రయాణంలో ఉండగా బాబాసాహెబ్ ఆ సంస్థకు ఒక ఉత్తరం రాశారు. ఒక్కొక్క మనిషినీ బాగుచేయాలని మద్యపాన నిషేధం, వ్యాయామశాలలు, గ్రంథాలయాలు అంటూ శక్తి చల్లడం కంటే, మొత్తం సమూహాన్ని అణచి ఉంచిన పరిస్థితుల మీద పనిచేయమని అందులో సూచించారు. బావి దగ్గర, బడిలో, ఊరి నడిబొడ్డున పౌరహక్కులు దక్కాలన్నారు. పనిలో సమాన అవకాశం, ఇళ్లలో రాకపోకలు ఉండాలన్నారు. పనిచేసేవాళ్లను అణగారిన జనం నుంచే తీసుకోవడం మేలని కూడా చెప్పారు. ఆయన చెప్పిన తోవలో ఆ సంస్థ నడవలేదన్నది చరిత్ర.

ఈ ఉత్తరం చదివిన మా పిల్లల్లో ఒక అమ్మాయి సూటిగా అడిగింది: "అయితే దుప్పట్లు ఇవ్వకూడదా? చలికి వణికే మనిషికి హక్కుల గురించి చెప్పాలా?" న్యాయమైన ప్రశ్న. దీనికి తథాగతుడే ఒకసారి తన పనితో జవాబిచ్చాడు. ఆళవి అనే ఊళ్లో ఒక పేద రైతు తప్పిపోయిన ఎద్దును వెతికి వెతికి, ఆకలితో, ఆలస్యంగా ధమ్మం వినడానికి వచ్చాడు. అందరూ ఎదురుచూస్తుండగా బుద్ధుడు ప్రవచనం మొదలుపెట్టలేదు. మిగిలిన అన్నం ఉంటే ముందు అతనికి పెట్టమన్నాడు. అతను తిని కుదుటపడ్డాకే మాట్లాడాడు. ఆకలిని మించిన రోగం లేదని ఆ తర్వాత భిక్ఖువులకు చెప్పాడు. ధమ్మపద అట్ఠకథలో ఉన్న ఈ కథ మనకు ఒక వరుస నేర్పుతుంది. అన్నం ముందు, మాట తర్వాత. చలికి దుప్పటి ఇవ్వాల్సిందే, ఆ అమ్మాయి మాటే సరైనది. అయితే కథలో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ రైతు అన్నం కోసం రాలేదు. ధమ్మం వినడానికి, మిగతా అందరితో సమానంగా కూర్చోవడానికి వచ్చాడు. బుద్ధుడు అన్నం పెట్టించి పంపేయలేదు, తిన్నాక ఆ చోటును కూడా అతనికి ఇచ్చాడు.

వినయపిటకంలోని ఇంకో సంఘటన మనలో చాలామందికి తెలిసిందే. విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న ఒక భిక్ఖువును బుద్ధుడు, ఆనందుడు చూశారు. నిన్ను ఎవరూ ఎందుకు చూసుకోవడం లేదని అడిగితే, నేను ఎవరికీ ఏ పనికీ రాలేదు, అందుకే ఎవరూ నన్ను చూడటం లేదు అన్నాడతను. బుద్ధుడు నీళ్లు పోశాడు, ఆనందుడు కడిగాడు. ఒకరు తల వైపు, ఒకరు కాళ్ల వైపు పట్టి అతన్ని మంచం మీద పడుకోబెట్టారు. తనకు సేవ చేయాలనుకునేవాళ్లు రోగికి సేవ చేయాలని ఆ రోజే భిక్ఖుసంఘానికి చెప్పాడు.

ఉక్కు ఊళ్లో ఉండే మనకు ఆ భిక్ఖువు జవాబు గుచ్చుకోవాలి. ఇక్కడ మనిషిని పనితోనే కొలుస్తారు. ఏ షాపు, ఏ గ్రేడు, ఏ షిఫ్టు అని అడుగుతారు. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి. చేయి నలిగితే ఠేకాలో పేరు తీసేస్తారు. కొడుకులు హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతారు. పనికిరాని మనిషి అన్న మాట మన నోళ్లలోనే ఎన్నిసార్లు దొర్లిందో! పనికొచ్చినా రాకపోయినా మనిషిని చూసుకోవాలన్నది ఆ కథలోని మొదటి పాఠం.

రెండో పాఠం అదే అధ్యాయంలో కొంచెం కిందుగా ఉంది. మనం దాన్ని అంతగా పట్టించుకోం. రోగిని చూసుకునేవాడికి ఉండాల్సిన ఐదు గుణాలు బుద్ధుడు చెప్పాడు. మందు సిద్ధం చేయడం రావాలి. రోగికి ఏది పడుతుందో, ఏది పడదో తెలియాలి. లాభం కోసం కాక మైత్రీచిత్తంతో చేయాలి. మలం, మూత్రం, కఫం, వాంతి చూసి అసహ్యించుకోకూడదు. సమయం చూసి నాలుగు ధమ్మపు మాటలతో ధైర్యం చెప్పగలగాలి. మనసు మంచిదైతే చాలని బుద్ధుడు అనుకోలేదని దీన్నిబట్టి తెలుస్తుంది. పని రావాలి, ఎదుటి మనిషికి ఏది కావాలో తెలుసుకోవాలి. మా పిల్లలు 12 మందిలో ఏ ఒక్కరూ ఆ ముసలమ్మను మీకేం కావాలి అని అడగలేదు. ముందు వారం వెళ్లి పేరు రాసుకున్నారంతే. ఇక లాభం సంగతి. ఆ కాలంలో లాభమంటే చీవరమో, భోజనమో. ఇప్పుడు ఫొటో, సర్టిఫికెట్, కాలేజీ దరఖాస్తులో ఒక వాక్యం.

వీటికి పక్కనే రోగికి ఉండాల్సిన గుణాలు కూడా బుద్ధుడు ఐదు చెప్పాడు. తనకు పడేదే చేయడం, మితం తెలియడం, మందు తీసుకోవడం, ఉన్న బాధను ఉన్నట్టు చెప్పడం, నొప్పిని ఓర్చుకోవడం. అంటే రోగి కూడా ఆ పనిలో భాగస్వామి. అతని మాట లేనిదే సేవ నడవదు. పుచ్చుకునేవాడికి నోరు ఇచ్చిన ధమ్మం మనది. ఆ ముసలమ్మ ఫొటో వద్దు అని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తన వంతు ఆమె సరిగ్గా చేసింది. వినడం మా వంతు, అది మేం చేయలేదు.

సేవ చేసేవాడికి లాభం రావడమే తప్పా? అలా అనుకుంటే ఏ పిల్లవాడూ సేవకు రాకూడదు. ఎందుకంటే ప్రతి పిల్లవాడూ ఏదో ఒకటి నేర్చుకునే తిరిగి వస్తాడు. సంయుత్త నికాయంలో గడసాని కథ ఒకటి ఉంది. వెదురుగడ మీద ఆడే గురువు, తన భుజాల మీద నిలబడే శిష్యుడు మేదకథాలికతో, నువ్వు నన్ను కాచుకో, నేను నిన్ను కాచుకుంటాను అన్నాడు. శిష్యుడు ఒప్పుకోలేదు. మీరు మిమ్మల్ని కాచుకోండి, నేను నన్ను కాచుకుంటాను, అప్పుడే ఇద్దరం క్షేమంగా కిందికి దిగుతాం అన్నాడు. చిన్నవాడు చెప్పిందే పద్ధతి అని బుద్ధుడు మెచ్చుకున్నాడు. అక్కడితో ఆగకుండా, తనను తాను కాచుకునేవాడు ఇతరులను కాస్తాడు, ఓర్పుతో, అహింసతో, మైత్రితో ఇతరులను కాచేవాడు తనను కూడా కాచుకుంటాడు అని రెండు వైపులా చెప్పాడు. గడ ఒక్కటే. దాని మీద ఇద్దరూ ఉన్నారు. ఒకరి తూకం తప్పితే ఇద్దరూ పడతారు. కాబట్టి మా పిల్లవాడికి మేలు జరగడం తప్పు కాదు. తన మేలు కోసం ఎదుటి మనిషి తూకం తప్పించడం తప్పు.

దయకు, మైత్రికి తేడా ఇక్కడే దొరుకుతుంది. 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ ప్రజ్ఞ, శీలం, కరుణ చెప్పి, కరుణ దగ్గరే ఆగకుండా మైత్రి దాకా వెళ్లాలంటారు. బాధలో ఉన్నవాడిని చూసినప్పుడు కరుణ పుడుతుంది. ఆ బాధ తీరితే దానికి పని ఉండదు. మైత్రి బాధ ఉన్నప్పుడూ ఉంటుంది, లేనప్పుడూ ఉంటుంది. జాలిపడాల్సిన అవసరం తీరిపోయాక కూడా ఆ మనిషి గడపలోకి వెళ్లి కూర్చోగలమా అన్నదే మైత్రికి పరీక్ష. దుప్పటి ఇచ్చిన ఇంటికి వేసవిలో కూడా వెళ్తామా?

ఇంకో పరీక్ష ఉంది. సాయం పొందిన మనిషి గొంతు పెరిగిందా, తగ్గిందా? మన చరిత్రలోనే చూద్దాం. పూణేలో జోతీరావు, సావిత్రీబాయి ఫూలేల బడిలో చదువుకున్న ముక్తా సాల్వే అనే మాంగ్ కులపు అమ్మాయి 1855లో, సుమారు 14 ఏళ్ల వయసులో, తన జనం కష్టాల మీద ఒక వ్యాసం రాసింది. అది 'జ్ఞానోదయ' పత్రికలో అచ్చయింది. చదువు చెప్పినందుకు నమస్కారం పెట్టి ఊరుకునే వ్యాసం కాదది. మాకు మతమన్నది ఉందా అని పెద్దవాళ్లను నిలదీసిన వ్యాసం. మన తెలుగు నేల మీద నెల్లూరు జిల్లాలో 1990 తర్వాత సాక్షరతా ఉద్యమం నడిచినప్పుడు, రాత్రి బడుల్లో అక్షరాలు చెప్పినవాళ్లలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన యువతీ యువకులు ఎందరో ఉన్నారు. వాళ్లు అక్షరాలే చెప్పారు. దూబగుంట ఆడవాళ్లు ఆ అక్షరాలతో తమ బతుకును చదువుకుని సారా కొట్టు ముందు నిలబడ్డారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించాల్సి వచ్చింది. పలక పట్టించిన కుర్రవాళ్లు ఆ ఉద్యమానికి నాయకులు కాలేదు, కానవసరం కూడా లేదు.

మనకు మరింత దగ్గరలో దల్లీ రాజహరా ఉంది. భిలాయి కొలిమికి ఇనుప రాయి అక్కడి నుంచి వస్తుంది. అక్కడి ఠేకా గని కార్మికులు, శంకర్ గుహా నియోగీ నాయకత్వంలో, తమ చందాలతో, తమ శ్రమతో కట్టుకున్న షహీద్ ఆసుపత్రి 1983 జూన్ 3న తెరుచుకుంది. అంతకు ఆరేళ్ల ముందు కాల్పుల్లో చనిపోయిన తోటివాళ్ల జ్ఞాపకంగా ఆ పేరు, ఆ తేదీ పెట్టుకున్నారు. బయటి నుంచి డాక్టర్లు వచ్చారు, కానీ గని కూలీలు, వాళ్ల ఇళ్ల పిల్లలు శిక్షణ పొంది ఆరోగ్య కార్యకర్తలయ్యారు. వచ్చిన డాక్టర్లు పైనుంచి నీళ్లు పోయలేదు. చేదను అందరి చేతుల్లోకి అందించారు.

ఇలా మాట్లాడుకుంటుంటే తల్లిదండ్రుల్లో కొందరు లేచి అడిగారు. భిలాయి అంటే ఐఐటి కోచింగ్‌కు పేరున్న ఊరు. పిల్లలు ఉదయం ఐదింటికి లేచి రాత్రి పదకొండింటికి పడుకుంటారు. ఆదివారం ఒక్క పూట మిగులుతుంది, దాన్ని కూడా తీసుకుంటారా అన్నారు. ఇంకో తల్లి వేరే సంగతి చెప్పింది. మంచాన పడ్డ ఒక ముసలాయన్ని చూసి వచ్చాక తన కూతురు రెండు రాత్రులు నిద్రపోలేదట. ఈ మాటల్ని మేం కొట్టిపారేయలేదు. రాహులుడికి ప్రవ్రజ్య ఇచ్చినప్పుడు శుద్ధోదనుడు కొడుకుతో తన బాధ చెప్పుకున్నాడు. బుద్ధుడు విని, తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఏ పిల్లవాడినీ సంఘంలో చేర్చుకోకూడదని నియమం పెట్టాడు. లోకానికి గురువైన మనిషి ఒక తాత కన్నీళ్లను విని పద్ధతి మార్చుకున్నాడు. మనం ఎంతటివాళ్లం? తల్లిదండ్రులను అడగాలి. పిల్లల్ని ఒంటరిగా పంపకూడదు. పెద్దవాళ్లు చేయాల్సిన బరువు పనిని, ప్రభుత్వం చేయాల్సిన పనిని, పిల్లలు ఉచితంగా దొరికారు కదా అని వాళ్ల మీద వేయకూడదు. నిద్రపోని అమ్మాయికి, కరుణకు శోకం చాలా దగ్గరి శత్రువని, అది కరుణలాగే కనబడుతుందని ఆచార్యులు చెప్పిన సంగతి నెమ్మదిగా వివరించాలి. ఎదుటివాడి బాధలో మునిగిపోతే అతన్ని పైకి లాగేవాళ్లు ఉండరు. అందుకే బ్రహ్మవిహారాల్లో కరుణతోపాటు ఉపేక్ష కూడా ఉంది.

చదువు పోతుందన్న భయానికి మాత్రం మా జవాబు వేరు. 2020లో బడులు మూతబడినప్పుడు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ ఏప్రిల్‌లో 'పఢాయీ తుంహర్ దువార్' పేరుతో ఆన్‌లైన్ చదువు మొదలుపెట్టింది. ఫోన్ లేని ఇళ్ల పిల్లలు మిగిలిపోయారు. వాళ్ల కోసం తర్వాత వాడల్లోనే తరగతులు నడిచాయి. చదువుకున్న యువతీ యువకులు చెట్ల కింద, అరుగుల మీద చిన్నవాళ్లను కూర్చోబెట్టి చెప్పారు. మూడో తరగతి పిల్లకు భిన్నాలు చెప్పాల్సి వచ్చిన పదో తరగతి పిల్లవాడిని అడగండి, భిన్నాలు తనకు ఎప్పుడు అర్థమయ్యాయో చెబుతాడు. ప్రజ్ఞ పుస్తకంలో ఒక్కచోటే ఉండదు.

మరి మేం ఏం మార్చుకున్నాం? అంబలట్ఠికలో బాలుడైన రాహులుడికి బుద్ధుడు చెప్పిన అద్దం సంగతి పిల్లలతో చదివించాం. అద్దం ఉన్నది చూసుకోవడానికి, అలాగే ఏ పనినైనా చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక చూసుకోవాలి. ఇది నన్ను నొప్పిస్తుందా, ఎదుటివాడిని నొప్పిస్తుందా, ఇద్దరినీ నొప్పిస్తుందా? నొప్పించి ఉంటే తెలిసినవాళ్ల దగ్గర దాచకుండా చెప్పుకోవాలి, మళ్లీ చేయకూడదు. పిల్లవాడు అడగకుండానే బుద్ధుడి పాఠం పిల్లవాడికి తగినట్టు ఉంది. దుప్పటి ఇచ్చిన కుర్రవాడు తిరుగుదారిలో మమ్మల్ని అడిగినప్పుడు తనకు తెలియకుండానే ఆ మూడో చూపు చూశాడు. తప్పు ఒప్పుకోవడానికి అంతకంటే మంచి మొదలు ఏముంటుంది? ఫోన్‌లో ఎదుటివాళ్ల ముఖం చూసే పిల్లలు ముందు ఈ అద్దంలో తమ ముఖం చూసుకోవాలని అనుకున్నాం.

ఇప్పుడు మా పిల్లలు వెళ్లేటప్పుడు వస్తువులు తీసుకెళ్లడం తగ్గించారు. ముందు వెళ్లి కూర్చుని అడుగుతారు. అడిగితే మేం ఊహించని జవాబులు వచ్చాయి. దుప్పటి కంటే ఎక్కువమంది అడిగింది కాగితాల పని. పింఛనుదారు బతికే ఉన్నాడని ఏటా ఇవ్వాల్సిన ధ్రువపత్రం 2014 నుంచి 'జీవన్ ప్రమాణ్' పేరుతో డిజిటల్‌గా ఇవ్వవచ్చు. ఇప్పుడు ఫోన్ కెమెరాతో ముఖం చూపినా సరిపోతుంది. ముసలివాళ్లు దాని కోసం ఆటోకు డబ్బులు పెట్టి, వరుసల్లో నిలబడి, వేలిముద్ర పడక తిరిగి వస్తున్నారు. పిల్లలకు అది కొద్ది నిమిషాల పని. ఆసుపత్రి చీటీ చదివి ఏ మందు ఎప్పుడో పెద్ద అక్షరాలతో రాయడం, బ్యాంకు పేరుతో మోసగాళ్లు ఫోన్ చేస్తే ఓటీపీ చెప్పకూడదని నేర్పడం, ఇలాంటివి. దీనికి నియమాలు పెట్టుకున్నాం. ఆధార్ నంబరు తమ ఫోన్‌లో ఉంచుకోకూడదు. పక్కన ఒక పెద్ద మనిషి ఉండాలి. పని అయ్యాక, ఎలా చేశామో ఆ ఇంటివాళ్లకు నేర్పి రావాలి, వచ్చే ఏడు మన అవసరం వాళ్లకు ఉండకూడదు. అదిన్నాదానం కూడదని రోజూ చెప్పుకునే మనకు, ఇవ్వనిది తీసుకోవడం అంటే ఒకరి వివరాలు, ఒకరి ముఖం తీసుకోవడం కూడా అని పిల్లలే అన్నారు.

కాగితాల పనిలో ఇంకోటి జరిగింది. ఉద్యోగుల పింఛను పథకం కింద కనీస పింఛను 2014 నుంచి నెలకు 1,000 రూపాయలు. ఆ 1,000 కూడా రాని ఠేకా కార్మికులు ఎందుకున్నారని పిల్లలు అడగడం మొదలుపెట్టారు. 30 ఏళ్లు పనిచేసిన మనిషి భవిష్యనిధి ఖాతాలో కొన్నేళ్లే ఎందుకు కనిపిస్తున్నాయి? మధ్యలో కాంట్రాక్టరు మారినప్పుడల్లా పాత లెక్క ఏమైపోయింది? దుప్పటి ఇచ్చినప్పుడు పుట్టని ప్రశ్నలివి. సాయం చేయడంలోంచి ఎందుకు అన్న ప్రశ్న పుడితే కరుణ ప్రజ్ఞతో కలిసినట్టే. బాబాసాహెబ్ తన ఉత్తరంలో చూపిన తోవ కూడా ఇదే. దీనికి జవాబు వెతకడం పిల్లల పని కాదు, మనది. వాళ్లు అడిగారు కాబట్టి ఇక మనం తప్పించుకోలేం.

ఆ ముసలమ్మ సంగతి చెప్పి ముగిస్తాం. నెల తర్వాత అదే కుర్రవాడు, వాళ్ల నాన్నతో కలిసి, చేతిలో ఏమీ లేకుండా ఆ ఇంటికి వెళ్లాడు. తప్పయిపోయింది అమ్మమ్మా అన్నాడు. ఆమె నవ్వి, ఎవరి మనవడివి, మీది ఏ ఊరు అని అడిగింది. వాడు తాత పేరు చెప్పాడు. ఆమె భర్త, వాడి తాత కొన్నాళ్లు ఒకే గుడిసెల వరసలో ఉన్నారట. క్యాంపులో ఆ రోజులు ఎలా ఉండేవో చాలాసేపు చెప్పింది. మన విహారంలో ఎవరికీ తెలియని సంగతులు, మా తాతలు మాకు చెప్పకుండానే పోయిన సంగతులు. తర్వాత లోపలికి వెళ్లి రెండు గ్లాసుల్లో చోడంబలి తెచ్చి ఇచ్చింది. తను కూడా ఒక గ్లాసు తెచ్చుకుని గడప మీద వాళ్ల పక్కనే కూర్చుంది.

మిగతా పిల్లలు అప్పటి నుంచి ఆమె దగ్గరకు కథలు వినడానికి వెళ్తున్నారు, రాసుకుంటున్నారు కూడా. ఏది రాయవచ్చో, ఏది రాయకూడదో ఆమే చెబుతుంది. దుప్పటి సంగతి మేం మళ్లీ ఎత్తలేదు. చలి ఎక్కువైన ఒక రోజు ఆమే అడిగి తీసుకుంది.